కుసుమ: రేకలో రంగు, గింజలో నూనె



మన సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో పవర్‌లూమ్ కాసేపు ఆపి చాయ్ తాగుతున్న అన్నలకు, చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతున్న అక్కలకు, వంటింట్లో పని చేసుకుంటూనే ఒక చెవి ఇటు వేసిన అమ్మలకు, అందరికీ నమస్కారం.

ఈ పూట ఒక పువ్వు గురించి మాట్లాడుకుందాం. దాని పేరు కుసుమ. మన చుట్టుపక్కల రైతులు కర్డై అంటారు. సంక్రాంతి రోజుల్లో సోలాపూర్ నుంచి ఏ దారిన బయలుదేరినా ఈ పువ్వు కనిపిస్తుంది. జొన్నచేల అంచుల్లో, ముళ్ళ ఆకుల మధ్య, పసుపూ నారింజా కలిసిన గుండ్రటి పూలు. పశువులు చేలో పడకుండా రైతులు అంచు వరసల్లో కుసుమ వేస్తారు. ఆ ముళ్ళను దాటి ఏ ఆవూ లోపలికి మూతి పెట్టదు.

ఈ మొక్క మనకు మూడు రకాలుగా పనికొచ్చింది. రేక రంగు ఇచ్చింది. గింజ నూనె ఇచ్చింది. రేకే మళ్ళీ మందు కూడా అయ్యింది. రంగు, నూనె, మందు. ఈ మూడూ ఒకే మొక్కలోవి. కానీ మూడూ ఒకటి కావు. ఆ తేడా తెలియకపోతే మేలు చేసేదే కీడు చేస్తుంది. ఆ తేడా చెప్పడానికే ఈ ప్రసంగం.

మొదట రంగు సంగతి చూద్దాం. ఎందుకంటే మనం నేతవాళ్ళం. కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి మన పెద్దలు మగ్గం పని వెతుక్కుంటూ ఈ ఊరికి వచ్చారు. నూలు గురించి, రంగు గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కుసుమలోని రసాయనం అర్థం కావాలంటే అద్దకం తెలిసినవాళ్ళకే సులువు.

కుసుమ పువ్వు విచ్చుకున్నప్పుడు పసుపుగా, నారింజగా ఉంటుంది. వాడేకొద్దీ ఎరుపెక్కుతుంది. ఆ చిన్న రేకలో రెండు రంగులున్నాయి. ఒకటి పసుపు. ఇంకొకటి ఎరుపు. పసుపు చాలా ఎక్కువ. ఎరుపు చాలా తక్కువ. వంద పాళ్ళ ఎండు రేకల్లో ఎరుపు ఒక పాలు కూడా ఉండదు.

మరి అంత తక్కువ ఎరుపును పాతకాలం అద్దకంవాళ్ళు ఎలా తీశారు? వినండి. ఎండిన రేకలను గుడ్డలో మూటగట్టి నీళ్ళలో పిసికేవాళ్ళు. పసుపంతా నీళ్ళలోకి దిగేది. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ పిసికేవాళ్ళు. నీళ్ళు తేటగా వచ్చేదాకా అదే పని. ఇక పసుపు లేదు అనుకున్నాక, ఆ పిప్పిలో బూడిద నీళ్ళు పోసేవాళ్ళు. బూడిదలో క్షారం ఉంటుంది, చాకలి సోడాలో ఉన్నట్టే. నీళ్ళకు కదలని ఎరుపు క్షారానికి కదిలేది. అప్పుడు అందులో నిమ్మరసం లాంటి పులుపు ఏదైనా కలిపి బట్ట ముంచేవాళ్ళు. పులుపు తగలగానే ఎరుపు నూలును పట్టుకునేది. పటిక కూడా అక్కర్లేదు.

ఆ ఎరుపు పేరు కార్థమిన్. ఈజిప్టులో తూతన్‌ఖామున్ అనే రాజు సమాధి తెరిస్తే అందులో కుసుమ దొరికింది. జపాన్‌లో ఇదే ఎరుపుతో పెదాలకు రంగు చేసేవాళ్ళు. అక్కడి యమగట ప్రాంతానికి ఇప్పటికీ కుసుమే అధికారిక పుష్పం.

కానీ ఈ ఎరుపు నిలిచేది కాదు. ఎండకు వెలుస్తుంది. సబ్బుకు దిగుతుంది. సబ్బులో క్షారం ఉంది కదా. క్షారానికి కదిలిన రంగును క్షారమే దింపేస్తుంది. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు మొదటి కృత్రిమ రంగు తయారుచేశాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే కుసుమ రంగు బజారు నుంచి తప్పుకుంది.

ఇంతవరకూ విన్నదాంట్లో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. పసుపు నీళ్ళకు దిగుతుంది. ఎరుపు మామూలు నీళ్ళకు దిగదు. మళ్ళీ చెబుతున్నాను. పసుపు నీళ్ళకు దిగుతుంది. ఎరుపు దిగదు. ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, మందు సంగతి మొత్తం ఇక్కడే ఉంది.

ఏ మూలికనైనా మూడు ప్రశ్నలు అడగాలి. ఏ భాగం? అది దేనిలో దిగుతుంది? ఎవరికి పడదు? ఈ మూడు ప్రశ్నలూ అడగకుండా ఎవరు మందని చెప్పినా తీసుకోకండి.

కుసుమ రేకలను వేడినీళ్ళలో వేసి కషాయం కాస్తే ఏమవుతుంది? పసుపే కదా నీళ్ళకు దిగేది. కాబట్టి గ్లాసులోకి వచ్చేది పసుపు భాగం. ఆ పసుపులో ముఖ్యమైన పదార్థానికి శాస్త్రజ్ఞులు హైడ్రాక్సీ శాఫ్లర్ ఎల్లో ఏ అని పేరు పెట్టారు. పేరు పొడవు. గుర్తులేకపోయినా ఫరవాలేదు. నీళ్ళకు దిగే పసుపు అని గుర్తుంటే చాలు.

ఈ పసుపు మీద చైనాలో చాలా పరిశోధన జరిగింది. అక్కడి సంప్రదాయ వైద్యంలో కుసుమ రేకను హోంగ్‌హువా అంటారు. రక్తప్రసరణకు, ఆడవాళ్ళ నెలసరి ఇబ్బందులకు వందల ఏళ్ళుగా వాడుతున్నారు. ఈ కాలంలో ఆ పసుపును శుద్ధిచేసి, గుండెనొప్పి రోగులకు ఆస్పత్రుల్లో ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు.

అది ఎలా పనిచేస్తుంది? మన రక్తంలో ప్లేట్‌లెట్లు అని సన్నటి కణాలున్నాయి. వేలు తెగితే అవి ఒకదానికొకటి అతుక్కుని రక్తం ఆపుతాయి. మంచిపనే. కానీ గుండె రక్తనాళంలో అతుక్కుంటే ప్రమాదం. కుసుమ పసుపు ఆ అతుక్కునే గుణాన్ని తగ్గిస్తుందని ప్రయోగాలు చూపించాయి.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆస్పత్రిలో ఇచ్చేది శుద్ధిచేసి, కొలత చూసి, డాక్టరు కళ్ళ ముందు ఇచ్చే మందు. మనం ఇంట్లో కాచుకునేది గుప్పెడు రేకల నీళ్ళు. ఏ పొలంలో పెరిగాయో, ఎన్నాళ్ళు నిలవున్నాయో, అందులో పసుపు ఎంత దిగిందో మనకు తెలియదు. ఇంజెక్షన్ పనిచేసిందని కషాయం కూడా అలాగే పనిచేస్తుందని అనుకోకూడదు. ఛాతీలో నొప్పి వస్తే కషాయం కాచుకుంటూ కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

ఇప్పుడు మూడో ప్రశ్న. ఎవరికి పడదు? ఇది అన్నిటికంటే ముఖ్యం.

గర్భిణులు కుసుమ రేకలు మందుగా తీసుకోకూడదు. నెలసరి తెప్పించడానికి వాడిన మూలిక అది. గర్భసంచిని కదిలించే గుణం దానికుంది. కడుపుతో ఉన్నవాళ్ళు దాన్ని దూరం పెట్టాలి.

రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్ళు కూడా తీసుకోకూడదు. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, పక్షవాతం వచ్చి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతున్నవాళ్ళు ఇది వినాలి. మందు మీద మందు పడితే రక్తం ఆగదు. ఆపరేషన్‌కు వెళ్ళబోయేవాళ్ళు, నెలసరిలో ఎక్కువ రక్తం పోయేవాళ్ళు కూడా వద్దు. చామంతి, బంతి పూలు పడనివాళ్ళకు కుసుమ కూడా పడకపోవచ్చు. అవన్నీ ఒకే కుటుంబం మొక్కలు.

అమ్మలారా, ఇంకొక మాట. మన ఇళ్ళల్లో కోడలు కడుపుతో ఉంటే పాలల్లో కుంకుమపువ్వు వేసి ఇస్తాం. కుంకుమపువ్వు చాలా ఖరీదు. అందుకే బజారులో కుంకుమపువ్వు పేరుతో కుసుమ రేకలు అమ్మేవాళ్ళున్నారు. ఏ రేక గర్భిణి తినకూడదో, అదే ఆమె పాలగ్లాసులోకి చేరుతుందన్నమాట. చిటికెడు రేకతో కంగారుపడనక్కర్లేదు. కానీ తెలిసి రోజూ ఎందుకివ్వాలి?

రెండింటికీ తేడా పట్టవచ్చు. ఒక పోగు తీసి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి విప్పి చూడండి. కుంకుమపువ్వు పోగు ఒక కొస సన్నగా ఉండి, రెండో కొస సన్నాయి మూతిలా వెడల్పవుతుంది. కుసుమ అయితే సన్నటి గొట్టంలా ఉండి, చివర అయిదు చిన్న రేకలుగా చీలుతుంది. అసలు కుంకుమపువ్వు రంగు నెమ్మదిగా వదులుతుంది, వాసన ఘాటుగా ఉంటుంది. కుసుమకు ఆ వాసన రాదు. చవగ్గా వచ్చిందంటే మాత్రం తప్పక అనుమానించండి.

ఇక్కడిదాకా రేక సంగతి. ఇప్పుడు గింజ దగ్గరికి వద్దాం. గింజలోది నూనె. నూనె నీళ్ళలో దిగదు. రేకలోని పసుపు నూనెలో ఉండదు. కాబట్టి కుసుమ నూనె వాడేవాళ్ళు రేక గురించి చెప్పిన జాగ్రత్తలు విని భయపడనక్కర్లేదు. కడుపుతో ఉన్న అమ్మాయి కూరలో కుసుమ నూనె వేసుకోవచ్చు. రేక వేరు. నూనె వేరు.

కుసుమ నూనెలో ఏముంది? సంతృప్త కొవ్వు, అంటే నెయ్యిలో, డాల్డాలో ఎక్కువగా ఉండే రకం, ఇందులో చాలా తక్కువ. వంద గ్రాములకు పది గ్రాములు కూడా ఉండదు. విటమిన్ ఇ బాగా ఉంది. మన దేశంలో పండే మామూలు కుసుమలో డెబ్భై శాతానికి పైగా ఒకే ఒక్క కొవ్వు ఆమ్లం. దాని పేరు లినోలీయిక్ ఆమ్లం. ఇది మన ఒంటికి తప్పనిసరిగా కావాలి. ఒళ్ళు దాన్ని తనంతట తాను తయారుచేసుకోలేదు. తిండిలోంచే రావాలి.

కొవ్వు ఆమ్లం అంటే ఏమిటో నేతవాళ్ళకు ఇలా చెప్పవచ్చు. కర్బనం అణువులు వరసగా కలిసిన ఒక పొడవాటి పోగు అనుకోండి. లినోలీయిక్ పోగుది పద్దెనిమిది అణువుల పొడవు. కొన్ని పోగులు నిటారుగా ఉంటాయి. అవి ఒకదానిపక్క ఒకటి గట్టిగా సర్దుకుంటాయి. అందుకే నెయ్యి చలికి గడ్డకడుతుంది. లినోలీయిక్ పోగులో రెండుచోట్ల వంకర ఉంది. వంకర పోగులు సర్దుకోలేవు. అందుకే కుసుమ నూనె చలికాలంలోనూ కారుతూనే ఉంటుంది. కానీ గాలిలోని ఆక్సిజన్ ఆ వంకరల దగ్గరే పట్టుకుంటుంది. వేడి తగిలితే ఇంకా తొందరగా పట్టుకుంటుంది. అప్పుడే నూనె పాడవుతుంది, మక్కిన వాసన వస్తుంది.

దీన్నిబట్టి వంటింట్లో ఏం చేయాలో తేలిపోయింది. మామూలు కుసుమ నూనెను బజ్జీలు, పూరీలు వేయించడానికి పెట్టకండి. వేయించిన నూనెనే రేపు మళ్ళీ, ఎల్లుండి మళ్ళీ కాచడం అసలే వద్దు. కూరల్లో వేయండి. తాలింపుకు వాడండి. పచ్చిగా తినండి. కడక్ భాకరి అనే కరకరలాడే జొన్నరొట్టెలోకి శేంగా చట్నీ, అంటే పల్లీల పొడి, కలుపుకుంటాం కదా, అందులో ఒక చెంచా గానుగ కుసుమ నూనె పోసుకుంటే అంతకంటే మంచి వాడకం లేదు. సీసా మూత బిగించి, వెలుతురు తగలని చోట పెట్టండి. నెలల తరబడి నిలవపెట్టకండి.

నెయ్యి, డాల్డా తగ్గించి వాటి చోట ఇలాంటి నూనె వాడితే రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గుతుంది. ఇది బాగా రుజువైన విషయం. అయితే గుండెకు మంచిదని కుసుమ నూనె ఎంతైనా పోసుకోవచ్చా? ఆ మాట మీద రెండు హెచ్చరికలున్నాయి. ఒకటి చాలా పాతది. ఒకటి కొత్తది.

పాతది చరక సంహితలో ఉంది. సూత్రస్థానం ఇరవై అయిదో అధ్యాయంలో, ఏ ఆహారం హితం, ఏది అహితం అని వరస చెబుతూ, మొక్కల నూనెల్లో అన్నిటికంటే అహితమైనదిగా కుసుమ నూనెను పేర్కొన్నారు. కుసుమ నూనె అమ్మేవాళ్ళు ఎవరూ ఈ మాట చెప్పరు.

కొత్తది ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. సిడ్నీ నగరంలో 1966 నుంచి 1973 దాకా ఒక పరిశోధన జరిగింది. గుండెజబ్బు వచ్చిన 458 మంది మగవాళ్ళను రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి జంతువుల కొవ్వు మాన్పించి, కుసుమ నూనె, కుసుమ నూనెతో వెన్నలా చేసిన మార్గరిన్ ఎక్కువగా పెట్టారు. వాళ్ళకు కొలెస్ట్రాల్ తగ్గింది. కానీ మరణాలు ఎక్కువయ్యాయి. ఆ వర్గంలో నూటికి దాదాపు 18 మంది పోతే, మామూలు తిండి తిన్న వర్గంలో నూటికి దాదాపు 12 మంది పోయారు. ఆ పాత లెక్కలను 2013లో మళ్ళీ వెలికితీసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చువేశారు. మార్గరిన్‌లో చెడ్డ కొవ్వు ఉండి ఉంటుందని కొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. వాదన ఎటు తేలినా, ఒకే నూనెను మందులా తాగడం మంచిది కాదన్న పాఠం మనకు దొరికింది.

కుసుమ నూనెలో ఒక లోటు కూడా ఉంది. ఒమేగా త్రీ అనే కొవ్వు అందులో దాదాపు లేదు. ఆ లోటు తీర్చేది మన ఇంట్లోనే ఉంది. జవస్ చట్నీ. అదే అవిసె గింజల పొడి. అవిసెలో ఒమేగా త్రీ పుష్కలం. కుసుమ నూనె కూరలో వేసుకుని, పక్కన జవస్ చట్నీ పెట్టుకుంటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. సోలాపూర్ భోజనం ఆ పని ఎప్పటినుంచో చేస్తూనే ఉంది. నూనెలు మార్చి మార్చి వాడమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతుంది. రోజుకు మనిషికి సుమారు 27 గ్రాములు చాలంటుంది. అంటే రెండు పెద్ద చెంచాలు.

కుసుమ నూనెలో ఇప్పుడు రెండో రకం కూడా ఉంది. అందులో లినోలీయిక్ తక్కువ, ఓలీయిక్ ఎక్కువ. ఓలీయిక్ పోగుకు ఒక్కటే వంకర. అందుకే వేడిని బాగా తట్టుకుంటుంది. ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండేది ఇదే. 1966లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం యూసీ-1 అనే రకాన్ని ఇలా తయారుచేసింది. ఆ గుణం దొరికింది మన దేశం నుంచి అక్కడికి వెళ్ళిన విత్తనంలోనే. ఇప్పుడు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ కూడా ఓలీయిక్ ఎక్కువున్న రకాలను రైతులకు ఇస్తోంది. డబ్బా కొనేటప్పుడు ఏ రకమో చదివి చూడండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్ళతో చదివించండి.

చివరగా, ఈ పంట మన ఊరి పంట అని చెప్పాలి. వానలు నమ్మలేని నేల మనది. ఆ నేలకు ఏ పంట తగునో తేల్చడానికి 1933లోనే సోలాపూర్‌లో మెట్ట సేద్యం పరిశోధన మొదలైంది. భీమా అనే కుసుమ రకం సోలాపూర్ నుంచే వచ్చింది. తెలుగు నేల మీద తాండూరు పరిశోధన కేంద్రం కూడా కుసుమ మీద పనిచేస్తోంది. కుసుమ వేరు నల్లరేగడిలో లోతుకు దిగుతుంది. పైన పగుళ్ళిచ్చిన నేలలో అడుగున మిగిలిన తడిని వెతికి తాగుతుంది. నీళ్ళు కట్టనక్కర్లేని పంట.

అయినా కుసుమ సాగు తగ్గిపోతోంది. ముళ్ళ వల్ల కోతకు కూలీలు ముందుకు రారు. బయటి దేశాల నుంచి చవక పామాయిల్ వస్తోంది. గింజకు గిట్టుబాటు రావడం లేదు. ముళ్ళు లేని రకాలు ఫల్టణ్‌లోని నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థలాంటి చోట్ల తయారయ్యాయి. గింజ కట్టాక వాడిన రేకలు కోసి అమ్ముకుంటే గింజకు నష్టం లేదు, రైతుకు రెండో ఆదాయం ఉంది. కానీ ఇవన్నీ నిలబడాలంటే కొనేవాళ్ళు ఉండాలి. కొనేవాళ్ళం మనమే. నెలకు ఒక్క సీసా గానుగ కుసుమ నూనె కొన్నా, పక్క ఊరి రైతు చేలో ఒక వరస నిలుస్తుంది. నూలు కొనేవాడు లేకపోతే మగ్గం ఏమవుతుందో మనకంటే ఎవరికి బాగా తెలుసు?

ఇక ముగిస్తాను. మూడు మాటలు మళ్ళీ చెబుతాను. వింటున్నవాళ్ళు వినలేకపోయినవాళ్ళకు చెప్పండి.

ఒకటి. కుసుమ నూనె మంచి తిండి. మితంగా, తక్కువ వేడి మీద, వేరే నూనెలతో మార్చి మార్చి, జవస్ చట్నీ తోడుగా తినండి.

రెండు. కుసుమ రేక మందు గుణం ఉన్నది. కాబట్టి దాన్ని మందులాగే చూడాలి. గర్భిణులు, రక్తం పలుచబడే మాత్రలు వాడేవాళ్ళు, ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళు దాని జోలికి పోవద్దు. మిగతావాళ్ళు కూడా డాక్టరుకు చెప్పాకే వాడండి.

మూడు. ఎవరు ఏ మూలిక ఇచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. ఏ భాగం? దేనిలో దిగుతుంది? ఎవరికి పడదు? జవాబు రాకపోతే చేయి చాచకండి.